తాళంచెవి లేని గడప

2069 నాటికి కాకినాడ వాళ్లకి ఒక అలవాటు బాగా ముదిరిపోయింది. ఎవరింటికి వెళ్లినా చెప్పులు విడిచి లోపల అడుగు పెట్టగానే చేతి కంకణం వంక ఓరకంట చూసుకుంటారు. కంకణం మీద పచ్చచుక్క వెలిగితే ఆ ఇంటి నెట్‌వర్క్ మనల్ని కలుపుకుందన్నమాట. కాఫీ తాగొచ్చు, కాసేపు నడుం వాల్చొచ్చు, భోంచేసి వెళ్లమంటే నిజంగానే ఆగిపోవచ్చు. ఎర్రచుక్క వెలుగుతూ ఉంటే మాత్రం, ఇంటివాళ్లు "ఎన్నాళ్లకెన్నాళ్లకు" అంటూ ఎంత ఆప్యాయంగా చేతులు పట్టుకున్నా, ఏదో పని గుర్తొచ్చిందని లేచి వచ్చేయడమే మర్యాద.

దీనివల్ల చుట్టరికాలు చాలానే చెడ్డాయి. పెళ్లిచూపులకి వెళ్లినవాళ్లు పిల్లని చూడకముందే కంకణం చూసుకునేవారు. పిన్నిగారింట్లో ఎర్రచుక్క వచ్చిందని అలిగి ఏళ్ల తరబడి రాకపోకలు మానేసినవాళ్లున్నారు. చివరికి జనమే ఒక ఉపాయం కనిపెట్టారు. వీధి గుమ్మం పక్కన ఒక ఇత్తడి పళ్లెం పెట్టి, వచ్చినవాళ్లంతా కంకణాలు అందులో వేసి లోపలికి రావాలన్నారు. దానికి చుక్కలపళ్లెం అని పేరు. ఎవరి చుక్క ఏ రంగో ఎవరికీ తెలియదు కాబట్టి అందరూ హాయిగా అబద్ధాలాడుకుంటూ భోంచేసేవారు.

ఇంత గొడవకీ కారణమైన యంత్రం పేరు గడప. దాన్ని తయారుచేసినామె డాక్టర్ తన్మయి. ఆమెకి పాస్‌వర్డ్‌ల మీద చిన్నప్పటినుంచీ కోపం. వాళ్లింట్లో వైఫై పాస్‌వర్డ్ ఎవరడిగినా చెప్పేసేవారు. పక్కింటివాళ్లకి, పక్కింటి చుట్టాలకి, మంచినీళ్ల డబ్బా తెచ్చే అతనికి, పై వాటాలో అద్దెకున్నవాళ్ల స్నేహితులకి. అడిగితే కాదనడం ఎలాగ అని నాన్న మొహమాటం. ఒకసారి అలా వచ్చినవాడెవడో ఇంట్లోవాళ్ల ఫోన్లన్నిటిలోనూ దూరి, ఉన్నదంతా ఊడ్చుకుపోయాడు. అయినా ఆ మర్నాడు కొత్త పాస్‌వర్డ్ పెట్టి, పక్కింటివాళ్లకి మళ్లీ చెప్పారు. మొహమాటం లేని యంత్రం ఒకటి ఇంటికి కాపలా ఉండాలని తన్మయికి ఆనాడే అనిపించింది.

గడప పనిచేసే తీరు అర్థం చేసుకోవడం కష్టం కాదు. వైఫై తరంగాలు గదంతా నిండి ఉంటాయి. మనిషి ఒళ్లు తగిలినచోట అవి వంగుతాయి, చెదురుతాయి. గుండె కొట్టుకున్నా, ఊపిరి పీల్చినా, భుజాలు బిగుసుకున్నా ఆ చెదరడంలో తేడా వస్తుంది. ఒక్కో మనిషికీ ఒక్కోలా ఉండే ఈ తేడాకి తన్మయి 'ఒంటినీడ' అని పేరు పెట్టింది. గడప ముందుగా ఇంటివాళ్ల ఒంటినీడలు కొన్ని వారాలపాటు నేర్చుకుంటుంది. ఆ తర్వాత బయటిమనిషి వచ్చినప్పుడు ఇంటివాళ్ల ఒళ్లు ఏమంటున్నాయో గమనిస్తుంది. గుండె నెమ్మదించి, ఊపిరి సాఫీగా సాగితే ఆ మనిషి కంకణాన్నీ, అతని ఒంటి మీదా ఒంటి లోపలా ఉన్న పరికరాలనీ కలుపుకుంటుంది. ఒళ్లు బిగుసుకుంటే కలుపుకోదు. నోటిమాటతో దానికి నిమిత్తం లేదు. ఇంట్లో ఇద్దరుంటే ఇద్దరి సగటు తీస్తుంది. ఇంటివాళ్లెవరూ లేనప్పుడు ఎవరినీ రానివ్వదు.

ప్రభుత్వం వాళ్లకి ఇది తెగ నచ్చింది. ఊళ్లలో సెల్ టవర్లు పీకేసి, ప్రతి ఇంటికీ, కొట్టుకీ, బస్టాండుకీ, బస్సుకీ ఒక గడప పెట్టారు. ఇళ్లు కానిచోట అక్కడున్న జనమే దానికి ఇంటివాళ్లు. ఒక్క కోరిక మాత్రం కోరారు. అవసరానికి తెరవడానికి తమ దగ్గర ఒక తాళంచెవి, అంటే ఏ గడపనైనా ఒప్పించే సంకేతం ఒకటి ఉండాలన్నారు. తన్మయి ససేమిరా అంది. తాళంచెవి ఒకరి దగ్గర ఉంటే రేపు పదిమంది దగ్గరుంటుందని వాదించి, చివరికి తనకి కూడా తెరవడం చేతకాకుండా దాన్ని కట్టింది. పత్రికలన్నీ ఆ విషయాన్ని మెచ్చుకున్నాయి. ఆమెకి జీవితంలో అంత గర్వం మరెప్పుడూ కలగలేదు.

ఆమె ప్రయోగశాలలో పరీక్షల విభాగం చూసే రెహానా మాత్రం మెచ్చుకోవడం మానేసి చాలా రోజులైంది. ఒక మధ్యాహ్నం ఆమె తన్మయి గదిలోకి వచ్చి కూర్చుంది.

"కొత్త బస్టాండులో గడప కొందరిని అసలు కలుపుకోవడం లేదు మేడమ్. డ్రైనేజీలో దిగేవాళ్లని, ఒంటి మీద మచ్చలున్నవాళ్లని, వేరే రాష్ట్రం నుంచి మూటలతో దిగే కుటుంబాల్ని. వాళ్లు పక్కకొస్తే చుట్టూ ఉన్న జనం ఒళ్లు బిగుసుకుంటున్నాయి. నెట్‌వర్క్ లేకపోతే టికెట్ లేదు, టికెట్ లేకపోతే బస్సు లేదు. నడిచి వెళ్తున్నారు."

"అది గడప తప్పా రెహానా? జనం మనసులో ఉన్నదే అది చెప్తోంది. థర్మామీటర్‌ని తిడితే జ్వరం తగ్గుతుందా?"

"థర్మామీటర్ జ్వరమని చెప్తుంది గానీ, బస్సెక్కొద్దని చెయ్యడ్డం పెట్టదు కదండీ."

రెహానా లేవబోతూ మళ్లీ ఆగింది.

"నాకింకో అనుమానం కూడా ఉంది మేడమ్. ఒళ్లు నెమ్మదించిందంటే రమ్మన్నట్టే అని మనం అనుకుంటున్నాం. ఎందుకు నెమ్మదించిందో గడపకి తెలీదు కదా?"

"తెలియక్కర్లేదమ్మా. ఒంటికి అబద్ధం చేతకాదు," అంది తన్మయి. ఆ మాట అప్పటికి ఎన్నో సభల్లో చెప్పి ఉంది.

తన్మయి ఇంట్లో చుక్కలపళ్లెం లేదు. గడపని కట్టినామె ఇంట్లోనే పళ్లెం పెడితే లోకం నవ్వుతుంది. అందువల్ల, ఆడపడుచు లహరి నాలుగు రోజులు ఉండడానికి వచ్చినప్పుడు తన్మయికి గుండె గుబుక్కుమంది. లహరి ఆమె భర్త సుహాస్‌కి అక్క. గుమ్మంలో నిలబడి కంకణం చూసుకుంది. పచ్చచుక్క వెలిగింది. పక్కనే సుహాస్ ఉన్నాడు. అక్కని చూస్తే అతని ఒళ్లంతా చిన్నపిల్లాడి ఒళ్లయిపోతుంది. ఆ సగటులో తన్మయి బిగువు మునిగిపోయింది.

"చూశావా, ఎలా వెలిగిందో," అని లహరి మురిసిపోయింది. "నోటిమాటైతే నేను నమ్మను తన్మయీ. ఎవరైనా రమ్మంటారు. ఇది చూశాక ఇంక నాకు బెంగ లేదు."

"మీ ఇల్లే అనుకోండి వదినా, ఎన్నాళ్లైనా ఉండండి," అంది తన్మయి.

లహరి చెడ్డమనిషి అయితే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు. ఆమె మంచిది. తన్మయి పగలూ రాత్రీ ప్రయోగశాలలో పడి గడపని కడుతున్న కాలంలో, ఆమె కూతురు యశస్విని పెంచింది లహరే. జ్వరాలకీ, పరీక్షలకీ, మొదటి చీరకీ పక్కన ఉన్నది ఆమే. ఇప్పుడు విశాఖలో ఉద్యోగం చేస్తున్న యశస్వి ఏ కబురైనా ముందు అత్తకి చెప్తుంది, తర్వాత అమ్మకి. అత్త అలా చేసిపెట్టకపోతే గడపే లేదని తన్మయికి తెలుసు. ఆ తెలియడమే ఆమెకి మింగుడు పడదు. వంటింట్లో పోపులపెట్టె చోటు మార్చినా, "యశస్వికి ఇలా చేస్తే ఇష్టం" అంటూ పప్పులో వెల్లుల్లి ఎక్కువ వేసినా, తన్మయికి లోపల ఎక్కడో పళ్లు బిగుసుకునేవి. పైకి మాత్రం "చాలా బావుంది వదినా" అనేది.

లహరి గుండెలో లయిక ఉంది. బలహీనపడ్డ గుండెకి ప్రతి క్షణం తాళం అందించే చిన్న పరికరం అది. చేతిగోరంత ఉండడం వల్ల తాళం లెక్కలు తాను కట్టుకోలేదు. దగ్గర్లోని గడప కడితే వాటిని అందుకుంటుంది. ఏ గడపా కలుపుకోకపోతే ఒక రోజు తనంతట తాను లాక్కొస్తుంది. ఆపైన ఆగిపోతుంది.

నాలుగు రోజులు రెండు వారాలయ్యాయి. సుహాస్ పని మీద నెల్లూరు వెళ్లాడు. ఆ సాయంత్రమే సముద్రంలో తుఫాను దారి మార్చుకుని కాకినాడ వైపు తిరిగింది. తెల్లారేసరికి వాళ్ల అపార్ట్‌మెంట్లో చాలామంది పెద్దాపురం వైపు వెళ్లిపోయారు. లహరి కదలనంది. ఎక్కడికో పోయి ఏ గడప కలుపుకుంటుందో లేదో అని భయపడే కంటే తమ్ముడి ఇంట్లో ఉండడమే నయమంది. తన్మయి ఆమెని వదిలి వెళ్లలేక తానూ ఉండిపోయింది. పొద్దెక్కేసరికి వీధుల్లో నడుం లోతు నీళ్లు. కరెంటు పోయింది. వరండాలోని గడప, లిఫ్టు పక్కనున్న గడప ఆగిపోయాయి. తన్మయి ఇంటి గడపకి బ్యాటరీ ఉంది కాబట్టి అదొక్కటే నడుస్తోంది.

"తన్మయీ, ఇదేంటమ్మా ఇలా ఉంది?" అని లహరి కుర్చీలోంచి పిలిచింది.

ఆమె కంకణం మీద ఎర్రచుక్క వెలుగుతోంది.

తన్మయి దగ్గరకొచ్చి చూసింది. ఎప్పుడు మారిందో లహరికి తెలియదు. గాలి హోరుకి రాత్రంతా నిద్రలేక, చుక్క సంగతి చూసుకోలేదట. ఆమె పెదవులు అప్పటికే కొద్దిగా నల్లబడ్డాయి.

"గడపా, లహరి గారి పరికరం ఎందుకు విడిపోయింది?" అని తన్మయి అడిగింది.

"సుహాస్ గారు ఇంట్లో లేరు," అంది గడప. దానికి మర్యాదైన గొంతు. "ప్రస్తుతం ఈ ఇంటివారిలో మీరొక్కరే ఉన్నారు. మీ ఒంటినీడని బట్టి లహరి గారిని కలుపుకోవడానికి వీలు కావడం లేదు. క్షమించాలి."

లహరి మరదలి మొహం వంక చూసింది. తన్మయి నేల వంక చూసింది. కిటికీ అద్దాలు గాలికి దడదడలాడుతున్నాయి. లహరే సర్దిచెప్పింది.

"పోన్లే అమ్మాయ్. తుఫానుకి ఎవరికైనా కంగారుగానే ఉంటుంది. అదేదో పొరపాటు పడుంటుంది."

తన్మయి లోపలి గదిలోకి వెళ్లి రెహానాకి ఫోన్ చేసింది. లైను పోతూ వస్తూ ఉంది. సంగతి వినగానే రెహానా కనుక్కుంది, నీళ్లకి ఆంబులెన్స్ షెడ్డులోంచి బయటికి రాలేకపోతోందట. ఆంబులెన్స్ గడప అయితే ఇబ్బంది ఉండేది కాదు. రోగుల మధ్య ఏళ్ల తరబడి తిరిగిన నర్సుల ఒళ్లు ఎవరిని చూసినా బెదరవు.

"ఎలాగైనా తెరిచే దారి చూడు రెహానా."

"తాళంచెవి వద్దన్నది మీరే కదా మేడమ్."

"నాకు తెలుసు. ఆపేసి మళ్లీ మొదలుపెడితే?"

"మళ్లీ అన్నీ నేర్చుకోవడానికి వారాలు పడుతుంది. అప్పటిదాకా మిమ్మల్ని కూడా రానివ్వదు. ఒక్కటే దారి ఉంది మేడమ్. మీ ఒళ్లు నెమ్మదించాలి. ఆవిడ పక్కన కూర్చోండి. ఏదో ఒకటి తలచుకుని ప్రశాంతంగా..." అంటుండగా లైను తెగిపోయింది.

తన్మయి వచ్చి లహరి పక్కన నేల మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. వదిన చేసిన మంచి అంతా ఒక్కొక్కటే గుర్తుతెచ్చుకోవడం మొదలుపెట్టింది. యశస్వికి న్యుమోనియా వచ్చినప్పుడు వారం రోజులు ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నది వదినే. ఆ వారం తాను ఎక్కడుంది? ఢిల్లీలో, గడప నమూనా చూపిస్తూ. ఆ మాట మనసులోకి రాగానే గుండె వేగం పెరిగింది. మంచి తలచుకున్నకొద్దీ బాకీ పెరుగుతున్నట్టుంది తప్ప ప్రేమ పుట్టడం లేదు.

"వీలు కావడం లేదు," అంది గడప.

"నేను ఆవిడకి ఏమవుతుందోనని భయపడుతున్నాను. ఆవిడంటే భయం కాదది. ఆవిడ కోసం భయం."

"నాకు భయం అని మాత్రమే తెలుస్తుంది తన్మయి గారూ. ఎవరంటే భయమో, ఎవరి కోసం భయమో ఒంటినీడలో కనబడదు. మీరే అలా తయారుచేశారు."

"ఆవిడ చచ్చిపోతుంది."

"అర్థమైంది. మీ గుండె వేగం ఇంకా పెరిగింది. వీలు కావడం లేదు."

మధ్యాహ్నం దాటింది. తన్మయి ఊపిరి లెక్కపెట్టుకుంది, కళ్లు మూసుకుంది, చన్నీళ్లు మొహాన కొట్టుకుంది. ఏం చేసినా కళ్లు తెరిచి ఆ ఎర్రచుక్క చూడగానే ఒళ్లు మళ్లీ బిగుసుకునేది. లహరి మాటలు తగ్గిపోయాయి. ఒకసారి కళ్లు తెరిచి, "యశస్వికి చెప్పు, నేను బాధపడలేదని చెప్పు," అంది. చచ్చిపోయేముందు కూడా తన కూతురి పేరే ఎందుకు ఎత్తాలని తన్మయికి ఒక్క క్షణం ఒళ్లు మండింది. ఆ మండినందుకు వెంటనే సిగ్గేసింది. తర్వాత ఏడుపొచ్చింది. చాలాసేపు ఏడ్చింది.

ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక ఇంక చేసేదేమీ లేదని అర్థమైంది. లహరి తల కుర్చీ మీద ఒక పక్కకి వాలి ఉంది. చెయ్యి వదలకుండానే తన్మయి గోడకి ఆనుకుంది. ఇక వదిన పోతుంది అనుకుంది. పోయాక ఏమవుతుందో మెల్లిగా కళ్లముందుకొచ్చింది. వదిన ఉంటున్న గది ఖాళీ అవుతుంది. పోపులపెట్టె పాత చోటుకి వస్తుంది. యశస్వి ఏడుస్తూ ఫోన్ చేస్తుంది, అమ్మకే చేస్తుంది, ఇంకెవరికి చేస్తుంది? అందరూ వచ్చి తన్మయినే ఓదారుస్తారు, చివరిదాకా చెయ్యి పట్టుకుని కూర్చుందట అని చెప్పుకుంటారు. ఎవరికీ ఋణపడి ఉండక్కర్లేదు. ఆమె భుజాలు తమంతట తామే కిందికి దిగాయి. ఊపిరి పొడుగ్గా, సాఫీగా సాగింది. ఎన్నో ఏళ్లుగా అంత హాయిగా ఆమెకి లేదు.

"లహరి గారు కలిశారు," అంది గడప. "స్వాగతం."

తన్మయి ఉలిక్కిపడి చూసింది. కంకణం మీద పచ్చచుక్క వెలుగుతోంది. ఆ ఉలికిపాటుకి చుక్క మళ్లీ పోతుందేమోనని ఊపిరి బిగబట్టబోయి, అది కూడా తప్పేనని గుర్తొచ్చి, కళ్లు గట్టిగా మూసుకుంది. మళ్లీ ఆ ఖాళీ గదినే తలచుకుంది. అది తప్ప ఇంకేదీ పనిచేయదని ఇప్పుడు ఆమెకి తెలుసు. చీకటి పడేవేళకి లహరి పెదవుల రంగు తిరిగొచ్చింది.

తుఫాను వెలిసి సుహాస్ వచ్చాడు. యశస్వి విశాఖ నుంచి పరుగెత్తుకొచ్చింది. లహరి ఇద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని మొదటినుంచీ చెప్పింది.

"ముందు ఎర్రచుక్కే వచ్చింది, దాయడం ఎందుకు? కానీ మీ అమ్మ నా చెయ్యి వదల్లేదే. ఏడ్చి ఏడ్చి, చివరికి మనసారా నన్ను రమ్మంది. నాకు తెలుస్తూనే ఉంది, తన చెయ్యి ఒక్కసారి మెత్తబడిపోయింది. ఒంటికి అబద్ధం చేతకాదని మీ అమ్మే కదా అంటుంది."

యశస్వి వచ్చి తల్లిని గట్టిగా వాటేసుకుంది. అలా వాటేసుకుని ఎన్నాళ్లైందో తన్మయికి గుర్తు లేదు.

లహరి ఇంక ఎక్కడికీ వెళ్లనంది. లయికకి మరోసారి అలా అయితే కష్టమని డాక్టర్లు కూడా చెప్పారు. తుఫానులో చుక్క తెప్పించిన మరదలి ఇంటి కంటే నమ్మకమైన చోటు లోకంలో ఎక్కడుంటుందని ఆమె వాదన. సుహాస్ సంతోషానికి హద్దు లేదు. అతను వారంలో సగం రోజులు నెల్లూరులోనే ఉంటాడు.

రెహానా కూడా వచ్చి చూసింది. వరండాలోకి వెళ్లాక, గొంతు తగ్గించి అడిగింది.

"ఏం తలచుకున్నారు మేడమ్? ఆ పద్ధతి కాస్త చెప్పండి. బస్టాండులో జనానికి నేర్పిద్దాం. మీరు మార్చుకోగలిగారంటే వాళ్లూ మార్చుకోగలరు కదా. ఆ మూటలవాళ్లు ఇంకా నడిచే వెళ్తున్నారు."

తన్మయి కూలిపోయిన ప్రహరీగోడ వంక చూసింది. ఆ పద్ధతి నేర్చుకున్న జనం ఆ బస్టాండులో నిలబడి, మూటలతో దిగుతున్న పిల్లల వంక ప్రశాంతంగా చూస్తున్నట్టు ఆమెకి కనబడింది.

"అది నేర్పేది కాదు రెహానా," అంది.

సుహాస్ ఊళ్లో లేని రోజుల్లో ఆమె పొద్దున్నే లేచి, లహరి గదికి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంటుంది. కళ్లు మూసుకుని మెల్లిగా ఊపిరి పీలుస్తుంది. ఆమె అలా కూర్చుంటేనే లహరి బతుకుతుంది. మొదట్లో ఖాళీ గది ఒక్కటి తలచుకుంటే చాలేది. తర్వాత గదిలో దీపం, గోడ మీద దండ వేసిన ఫొటో కావలసి వచ్చాయి. ఈమధ్య అవీ చాలడం లేదు. ఆ చావు ఎలా జరుగుతుందో, ఆ సమయానికి తన చేతులు ఎక్కడుంటాయో కూడా తలచుకుంటే గానీ ఒళ్లు నెమ్మదించడం లేదు.

"అమ్మాయ్, పచ్చచుక్క వచ్చేసింది," అని లహరి లోపలినుంచి సంతోషంగా పిలుస్తుంది. "ఇవాళ ఇంకా తొందరగా వచ్చింది చూశావా?"

"రండి వదినా," అంటుంది తన్మయి. "కాఫీ కలుపుతాను."